కొండ దిగుతుంటే మాడు వాసన

వంటల పేజీకీ కుట్లు అల్లికల పేజీకీ మధ్యన కూర్చుని ఈవిడ కారు బ్రేకుల గురించి రాస్తోందేమిటా అని నవ్వుకోకండి. నేనూ మీలాంటి గృహిణినే. నాకు కారు నడపడం రాదు. ఇప్పటికీ రాదు. కానీ బ్రేకు డ్రమ్ము విప్పితే లోపల ఏముంటుందో, ఏది అరిగితే ఏమవుతుందో మాత్రం అరిసెల పాకం గురించి చెప్పినంత ధైర్యంగా చెప్పగలను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద ఒకరోజు పడ్డ భయం నేర్పింది.

మాది నరసరావుపేట. కోటప్పకొండ మా ఇంటికి 12, 13 కిలోమీటర్లు. శివరాత్రి తిరనాళ్ళకి ఊళ్ళనుంచి ప్రభలు కదిలి వస్తుంటే చూడని పిల్ల మా వైపు ఉండదు. పుట్టువెంట్రుకలన్నా, మొక్కన్నా, ఊరికే మనసు బాగోలేకపోయినా మాకు ఆ కొండే దిక్కు. మా చిన్నప్పుడు మెట్లెక్కి వెళ్ళేవాళ్ళం. ఘాట్ రోడ్డు పడ్డాక మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కూడా స్వామి దర్శనం సులువైంది. ఎక్కడం గురించి అందరూ ఆలోచిస్తారు. దిగడం గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. మేమూ ఆలోచించలేదు.

కారు సంగతి చెప్పాలిగా. మా మామయ్యగారు 1986లో కొన్న తెల్ల అంబాసిడర్ అది. ముందు సీటు కూడా సోఫాలాగా ఒకటే బద్ద. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేది. మామయ్యగారు పోయాక మావారు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు. చూసుకోవడం అంటే ఆదివారం ఆదివారం కడిగి తుడవడం, సీటు కవర్లు మార్పించడం. నేను మల్లెపూల దండ కట్టి అద్దం దగ్గర వేలాడదీసేదాన్ని. పైకి కనిపించేదంతా మిలమిలలాడుతుండేది.

2009లో మా మనవడికి పదకొండో నెల. పుట్టువెంట్రుకలు కోటయ్య దగ్గరే తీయించాలని మా అత్తయ్య పట్టు. హైదరాబాదునుంచి అమ్మాయి, అల్లుడుగారు వస్తున్నారు. దానికి నెల ముందు మావారు ఒకరోజు భోజనం దగ్గర "ఏమోయ్, బండికి బ్రేకు లైనింగులు వేయించాలి, పెడల్ బాగా కిందికి పోతోంది. ఓ 2,000 తీసి పక్కన పెట్టు" అన్నారు. నేను అలాగే పద్దు పుస్తకంలో రాసుకున్నాను. పాలు, చాకలి, కరెంటు, చిట్టీ, వాటి కింద "బ్రేకు లైనింగు 2,000" అని.

మర్నాడు బజారుకెళితే వెండి కొట్లో చిన్న మొలతాడు ఒకటి కనిపించింది. చిన్న చిన్న మువ్వలు, మధ్యలో ఆకు. మనవడి నడుముకి ఎంత బాగుంటుందో అనిపించింది. చేతిలో ఉన్నది ఆ 2,000. కారేగా, రోజూ నడుస్తూనే ఉందిగా, పండుగయ్యాక చూసుకోవచ్చులే అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ పద్దు మీద ఒక గీత కొట్టి పక్కన "తర్వాత" అని రాశాను. మావారికి చెబితే ఆయనా నవ్వి ఊరుకున్నారు. మనవడంటే ఆయనకీ ముద్దే కదా.

చెవులున్నాయి నాకు. బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కొబ్బరి కోరుతున్నట్టు గరగరమని చప్పుడొచ్చేది. ఆపేటప్పుడు కారు ఎడమపక్కకి లాగేది. బ్రేకు ఆయిలు కూడా మాటిమాటికీ పోస్తున్నారు. ఇంట్లో మిక్సీ ఇలాంటి చప్పుడు చేస్తే ఆ పూటే బాగుచేయించేదాన్ని. కారు మగవాళ్ళ సంగతి అనుకున్నాను. డబ్బు దగ్గర మాత్రం నా సంగతి అనుకున్నాను!

ఆ ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. వెనక సీట్లో అత్తయ్య, అమ్మాయి, పిల్లాడు, అల్లుడుగారు. ముందు మావారి పక్కన నేను, నా కాళ్ళ దగ్గర పులిహోర గిన్నె, దద్దోజనం డబ్బా. ఎక్కేటప్పుడు అత్తయ్య గొల్లభామ కథ చెప్పారు. ఆనందవల్లి అనే గొల్లపిల్ల స్వామిని కొండ దిగి తన ఇంటికి రమ్మందట. నువ్వు ముందు నడువు, నేను వెనకే వస్తాను, వెనక్కి మాత్రం తిరిగి చూడకు అన్నాడట స్వామి. ఆ పిల్ల ఆగలేక చూసింది. స్వామి అక్కడే ఆగిపోయాడు. కొండ మీద కాకులు వాలవని కూడా చెబితే, అల్లుడుగారు నిజంగానే కిటికీలోంచి వెతకడం మొదలుపెట్టారు.

గుండు, దర్శనం, అభిషేకం అన్నీ సవ్యంగా అయ్యాయి. గుండుకి గంధం రాస్తే మనవడు బంగారు బంతిలా ఉన్నాడు. మొలతాడు మువ్వలు ఘల్లుమంటున్నాయి. పన్నెండు దాటాక దిగడం మొదలుపెట్టాం.

ఇక్కడ మావారి పొదుపు గురించి కూడా చెప్పాలి. దిగుడు వస్తే చాలు, ఆయన గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేసేవారు. పెట్రోలు కలిసొస్తుందని. ఆరోజూ అంతే చేశారు. నలుగురు పెద్దవాళ్ళ బరువు వెనకా ముందూ, ఆయనతో ఐదుగురు. కారు తన బరువుకి తనే జారుతోంది. దాన్ని పట్టి ఉంచేది ఒక్క బ్రేకే. మలుపు మలుపుకీ తొక్కుతూనే ఉన్నారు.

రెండో మలుపు దాటాక నా ముక్కుకి వాసన తగిలింది. ఇస్త్రీ పెట్టె కింద ఉన్ని గుడ్డ మరిచిపోతే వస్తుందే, అలాంటి వాసన. వంటింట్లో నలభై ఏళ్ళుగా ఉన్న ముక్కు ఇది, మాడు వాసన పసిగట్టడంలో పొరపాటు పడదు. "ఏమండీ, ఏదో మాడుతోంది" అన్నాను. "ముందు బస్సు పోతోందిగా, దానిదయి ఉంటుంది" అన్నారు. ఇంకో మలుపొచ్చింది. ఆయన కాలు పెడల్ మీద వేయడం చూశాను. పెడల్ కిందికి పోయింది. ఇంకా పోయింది. చాప దగ్గర ఆగింది. కారు మాత్రం ఆగలేదు.

ఆయన మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. పెడల్ దబదబా నాలుగుసార్లు తొక్కారు, కొంచెం పట్టినట్టే పట్టి జారిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగారు. వెనక కీచుమంది, అంతే. నేను వెనక్కి తిరిగి పిల్లాడినే చూస్తున్నాను. "వెనక్కి చూడకే అమ్మాయ్, ముందు చూడు!" అని అత్తయ్య కేక పెట్టారు. కథలో వెనక్కి చూస్తే స్వామి ఆగాడు, మా కారు ఆగితేగా!

అప్పుడు ఆయన క్లచ్ తొక్కి గేరు రాడ్డు రెండో గేరులోకి లాగారు. లోపల పళ్ళు కొరికినట్టు భయంకరమైన చప్పుడు. ఇంజను హోరుమంది. ఎవరో వెనకనుంచి తాడుతో లాగినట్టు కారు ఒక్క కుదుపు కుదిపి నెమ్మదించింది. అలాగే కొండ వైపుకి తిప్పి కాలవగట్టుకి చక్రాలు రాపాడిస్తూ తీసుకెళ్ళి నిలబెట్టారు. రెండో పక్క లోయ. నేను ఆ పక్కకి చూడలేదు.

పులిహోర నా చీర మీద, చాప మీద పడింది. అత్తయ్య నుదురు ముందు సీటుకి తగిలి బొప్పి కట్టింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లాడు అదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వాడు. అల్లుడుగారు దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టారు.

చక్రాల దగ్గర పొగ వస్తోంది. నడిచి దిగుతున్న ఒక కుర్రాడు సాయం చేద్దామని నీళ్ళ సీసా మూత తీశాడు. వెనకే వచ్చిన ఒక పెద్దాయన, లారీ డ్రైవరట, "ఆగు అబ్బాయ్! కాలే పెనం మీద చన్నీళ్ళు పోస్తావా? పగిలిపోదూ!" అని ఆపాడు. డ్రమ్ము కూడా మన దోసెల పెనంలా పోత ఇనుమే. అలా వేడెక్కినప్పుడు నీళ్ళు కొడితే పగలొచ్చు, ఆకారమన్నా వంకర పోవచ్చు. దానంతటది చల్లారాలి. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం. చల్లారాక పెడల్ కొంత పైకి వచ్చింది. ఆడవాళ్ళం, పిల్లాడు దేవస్థానం వైపునుంచి వచ్చిన బస్సెక్కేశాం. ఆ పెద్దాయన మావారి పక్కన కూర్చుని, మొదటి గేరులో, నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా కారు దింపించాడు. ఆయన ఊరు పేరు కూడా మేము అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పక్క గదిలో పిల్లాడు కదిలినప్పుడల్లా మువ్వలు వినిపిస్తున్నాయి.

మర్నాడు మెకానిక్ షెడ్డుకి కారుతోపాటు నేనూ వెళ్ళాను. మావారు వద్దనలేదు. షెడ్డు మేస్త్రీ మామయ్యగారి నాటినుంచీ తెలిసినవాడు. నాకో స్టూలు వేసి "ఏందమ్మా, మీరొచ్చారు?" అన్నాడు. "లోపల ఏముందో చూద్దామని" అన్నాను. ఆయన నవ్వలేదు. అది నాకు నచ్చింది.

ముందు మిగిలిన చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, నట్లు వదులు చేసి, జాకీ ఎత్తి, కింద దుంగ ఆనించాకే చక్రం తీశాడు. ఒక్క జాకీనే నమ్ముకుని కింద చేయి పెట్టకూడదట. చక్రం వెనక పెద్ద ఇనప గిన్నె బోర్లించినట్టు ఉంది, అదే డ్రమ్ము. ఊరికే లాగితే రాలేదు. పుటం పట్టిన మూకుడు పొయ్యికి అంటుకున్నట్టు అంటుకుంది. లోపలి అడ్జస్టర్ వదులు చేసి, చుట్టూ చెక్క సుత్తితో తట్టి తట్టి తీశాడు.

లోపల రెండు అర్ధచంద్రాలు. పెద్ద గాజుని రెండు ముక్కలు చేసి ఎదురెదురుగా పెట్టినట్టు. వీటినే షూ అంటారు. ఒక్కో షూ వీపు మీద ఒక దళసరి పట్టీ అతికి ఉంటుంది, దాన్ని లైనింగు అంటారు. రెండు షూలనీ స్ప్రింగులు దగ్గరికి లాగి ఉంచుతాయి. మనం పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలు సన్నటి గొట్టాల్లోంచి వచ్చి చక్రం దగ్గర ఉన్న చిన్న సిలిండరులోని పిస్టన్లని బయటికి తోస్తుంది. అవి షూలని విప్పితే లైనింగు వెళ్ళి తిరిగే డ్రమ్ముని లోపలినుంచి ఒరుసుకుంటుంది. అంతే బ్రేకు. తిరిగే కుండని కుమ్మరి లోపలినుంచి అరచేత్తో నొక్కితే ఆగదూ, అలాగే.

ఇందులో ఇంకో చమత్కారం కూడా ఉంది. డ్రమ్ము ముందుకి తిరుగుతూ షూని తనతోపాటు లాక్కుని ఇంకా గట్టిగా అదిమేసుకుంటుంది. మా బండికి ముందు చక్రాల్లో రెండు షూలూ అలాగే పనిచేసేటట్టు రెండేసి సిలిండర్లు పెట్టారు. వెనక్కి జారేటప్పుడు ఆ లాభం ఉండదు. ఎత్తులో బండి ఆపితే చక్రం వెనక రాయి పెట్టే అలవాటు మన పెద్దవాళ్ళు ఊరికే చేయలేదన్నమాట.

మేస్త్రీ షూ తీసి నా చేతిలో పెట్టాడు. "చూడండమ్మా, అప్పడమంత మందం కూడా లేదు" అన్నాడు. నిజమే. లైనింగు మొత్తం అరిగి, దాన్ని బిగించిన ఇత్తడి రివిట్లు పైకి తేలి మెరుస్తున్నాయి. ఆ రివిట్లే డ్రమ్ముని గీరుతూ కొబ్బరి కోరిన చప్పుడు చేశాయి. డ్రమ్ము లోపల గుండ్రంగా చాళ్ళు పడ్డాయి, వేలు పెడితే తెలుస్తున్నాయి. కుడి ముందు చక్రంలో ఇంకా అధ్వాన్నం. ఎడమ వెనక చక్రంలో సిలిండరు రబ్బరు పోయి ఆయిలు కారి లైనింగు తడిసి ముద్దయింది. నూనె చేత్తో గాజు సీసా మూత తిప్పితే పట్టు దొరుకుతుందా? అదీ అంతే.

"కొండ మీద ఒక్కటి కాదు, మూడు కలిశాయమ్మా" అన్నాడు. ఎడతెగకుండా తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూకి దూరమవుతుంది. అసలే అరిగిన షూ అంత దూరం వెళ్ళి అందుకోలేదు. అందుకున్న కాస్త లైనింగూ మరీ కాలితే పట్టు కోల్పోతుంది. మూడోది ఆయిలు. ఏళ్ళ తరబడి మార్చలేదేమో, సీసాలోకి తీస్తే కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మ పీలుస్తుంది చూడండి, బ్రేకు ఆయిలుకీ అదే గుణం. గాల్లోని తేమని పీల్చుకుంటుంది. వేడికి ఆ నీరు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే అణిగిపోతుంది కాబట్టి పెడల్ నేలకి దిగిపోతుంది.

"ఎన్నాళ్ళనుంచీ చప్పుడొస్తోంది సార్, ముందే తేవాల్సింది కదా?" అని మేస్త్రీ మావారిని అడిగాడు. నా గుండె ఆగినంత పనైంది. పద్దు పుస్తకంలో గీత కళ్ళముందు కనిపించింది. మావారు నా వైపు చూడకుండానే "నేనే మర్చిపోయాను మేస్త్రీ, పనుల్లో పడి" అన్నారు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఒకపూట ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ తర్వాత మా అబ్బాయి ఫోనులో "నాన్న న్యూట్రల్‌లో దింపారా?" అని గుచ్చి గుచ్చి అడిగితే, "లేదురా, గేరులోనే ఉంది" అని నేనూ అబద్ధం ఆడాను. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ రాస్తున్నాను కాబట్టి వాడికీ తెలిసిపోతుంది. తెలియనీ.

ఆ రెండు రోజులూ వంట అత్తయ్యకి వదిలి షెడ్డులోనే ఉన్నాను. షూలకి కొత్త లైనింగులు కొట్టించారు. ఒక చక్రానిదే అరిగింది కదా, అదొక్కటే మారుద్దామని మనబోటి పొదుపు బుద్ధి చెబుతుంది. నేనూ అడిగాను. ఎడమా కుడీ జతగా మార్చకపోతే ఒకవైపు ఎక్కువ పట్టి బండి పక్కకి లాగేస్తుందన్నాడు. ముందు రెండూ, వెనక రెండూ, చెప్పుల జతలాగా. డ్రమ్ములు లేతు మీద పెట్టి చాళ్ళు పోయేటట్టు నున్నగా తీయించారు. ఒకటి మరీ పలచబడితే పనికిరాదని కొత్తది వేశారు. నాలుగు చక్రాల సిలిండర్లకీ రబ్బర్లు మార్చారు. అన్నీ కలిపి 2,000 ఎక్కడ, నాలుగింతలు దాటింది. ఆ డబ్బు నేను చిట్టీ పాడి తెచ్చాను.

షెడ్డులో పనిచేసే కుర్రాడు డ్రమ్ములో పేరుకున్న నల్లటి పొడిని నోటితో ఉఫ్‌మని ఊదాడు. ఆ పొడి మొహమంతా కమ్మింది. పాతకాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత క్యాన్సర్ వంటి జబ్బులు తెస్తుంది. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్న సంగతి. అప్పటికి తెలియకపోయినా, ఇంట్లో దుమ్ము దులిపినట్టే అనుకుని నా దగ్గరున్న చేతిగుడ్డ తడిపి ఇచ్చి "దీంతో తుడువు నాయనా" అన్నాను. మీవారో మీ అబ్బాయో ఇలాంటి పని చేసేవారైతే పొడిని ఊదనీయకండి, చీపురుతో ఊడ్వనీయకండి, తడిగుడ్డతోనే తుడవమనండి. ఆ బట్టలు దులపకుండా విడిగా ఉతకండి, చంటిపిల్లల బట్టల్లో కలపకండి. అన్నట్టు, బ్రేకు ఆయిలు విషం. మిగిలింది కదా అని పాత హార్లిక్స్ సీసాలో పోసి అలమరలో పెట్టే ఇళ్ళు నేను చూశాను. పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి. కారు రంగు మీద ఒలికినా పెయింటు ఊడిపోతుంది. ఒలికితే వెంటనే నీళ్ళతో కడిగేయాలి.

చివరి పని గాలి తీయడం. గొట్టాల్లో గాలి బుడగ ఒక్కటి ఉన్నా పెడల్ మెత్తగా, పిండిలో కాలు పెట్టినట్టు ఉంటుంది. ఇది ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పాలి. ఆరోజు కుర్రాడు రాలేదు. మావారు ఏదో సామాను తేవడానికి వెళ్ళారు. మేస్త్రీ మొహమాటపడుతూనే "అమ్మా, మీరు కాస్త తొక్కుతారా?" అన్నాడు.

పెళ్ళయి ముప్పై ఏళ్ళకి మొదటిసారి ఆ కారులో స్టీరింగు ముందు కూర్చున్నాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పెడల్ మీద కాలు పెట్టాను. "తొక్కండి... పట్టి ఉంచండి..." అంటాడు. కింద మర విప్పగానే నా కాలికింద పెడల్ జర్రున దిగుతుంది. సన్నటి ట్యూబులోంచి సీసాలోకి ఆయిలు, దాంతోపాటు పాలు పొంగేముందు వచ్చే బుడగల్లాంటివి వస్తాయి. మర బిగించాక "ఇక వదలండి" అంటాడు. ఆ మాట వినకముందు కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, దగ్గరదాకా వచ్చాం. మధ్య మధ్యలో పైన డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోశాడు. అది ఖాళీ అయితే చేసిందంతా మొదటికొస్తుంది. ఆఖరికి పెడల్ సగంలోనే రాయిలాగా ఆగింది. ఆ గట్టిదనం నా అరికాలికి ఇంకా గుర్తుంది. ముందురోజు కొండ మీద ఆయన కాలికింద లేనిది అదే కదా అనుకున్నాను.

డ్రమ్ముకున్న చిన్న కన్నంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి అడ్జస్టర్ బిగించడం కూడా చూపించాడు. చక్రం కదలనంతవరకూ బిగించి, మళ్ళీ స్వేచ్ఛగా తిరిగేదాకా కొంచెం కొంచెం వదలాలి. లైనింగు అరిగేకొద్దీ పెడల్ కిందికి పోతుంది, అప్పుడు ఇలా బిగించుకోవాలి. ఇక బిగించడానికి ఏమీ మిగలనప్పుడు విప్పి చూడాలి. విప్పకుండా లైనింగు ఎంతుందో తెలియకపోవడమే డ్రమ్ముతో వచ్చిన చిక్కు. కొత్త లైనింగుతో మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నెమ్మదిగా వాడాలట, డ్రమ్ముకీ దానికీ పొంతన కుదిరేదాకా. కొత్త కోడలితో మెలిగినట్టన్నమాట.

ఆ అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. 2014లో కంపెనీ ఆ కార్లు చేయడమే మానేసింది. అప్పుడు గుంటూరు జిల్లాగా ఉన్న మా ప్రాంతం 2022లో పల్నాడు జిల్లా అయింది. అత్తయ్య లేరు. మావారు ఊరు దాటి నడపడం తగ్గించారు. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకునేటప్పుడల్లా అబ్బాయి "అమ్మేయండి నాన్నా" అంటాడు. వాడి కొత్త కారుకి ముందు చక్రాలకి డిస్కులే కానీ, వెనక డ్రమ్ములే. వాడికి ఆ సంగతి నేను చెబితేగానీ తెలియలేదు! మీ ఇంటి స్కూటరు చూడండి, చాలావాటికి వెనకైనా డ్రమ్మే ఉంటుంది. కొన్నిటికి చక్రం దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం గీత దాటితే షూ అయిపోయినట్టు.

మా పద్దు పుస్తకంలో ఇప్పుడు బ్రేకులకి విడిగా ఒక పేజీ ఉంది. ఎప్పుడు విప్పి చూశారు, లైనింగు ఎంతుంది, ఆయిలు రెండేళ్ళు దాటిందా. వానాకాలంలో కారు కదలకుండా రోజుల తరబడి ఉంచాల్సివస్తే హ్యాండ్ బ్రేకు వేసి వదలనివ్వను. చక్రానికి ఇటుక పెట్టి గేరులో ఉంచమంటాను, లేకపోతే తుప్పుకి షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. నీళ్ళలోంచి వస్తే రెండుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టమంటాను. కొండ దిగేటప్పుడు రెండో గేరు. ఎక్కిన గేరులోనే దిగాలని ఆ లారీ పెద్దాయన చెప్పి వెళ్ళిన మాట. వెనకవాళ్ళు హారన్ కొడితే పక్కకి తీసి పోనిస్తాం. పెట్రోలు గురించి మావారు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మొన్న దసరా సెలవులకి మనవడొచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు, తాతగారిని మించిన పొడుగు. బీరువా సర్దుతుంటే ఆ వెండి మొలతాడు బయటపడింది. ఇప్పుడది వాడి మణికట్టుకి రెండు చుట్లు వస్తుందేమో. "ఇదెప్పటిది అమ్మమ్మా?" అన్నాడు. చెప్పాను. గీత సంగతితో సహా చెప్పాను. వాడేమీ అనలేదు, కాసేపు మువ్వలు ఆడించి లోపల పెట్టేశాడు.

ఆ వారమే ఆయిలు మార్చే వంతు వచ్చింది. మేస్త్రీ ఇప్పుడు పని చేయడం లేదు, వాళ్ళబ్బాయే ఇంటికొచ్చి చేస్తాడు. వాడు చక్రం దగ్గర పడుకున్నాడు. మనవడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మావారు అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నారు. నేను సీసా పట్టుకుని ఎడమ వెనక చక్రం దగ్గర నిలబడి "తొక్కు... పట్టి ఉంచు... నేను చెప్పేదాకా వదలకు" అంటున్నాను.